గరాజ్ డోర్: పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఏది ఎంచుకోవాలి?

అమెరికాలో చాలామంది మనవాళ్ల ఇళ్లలో ముందు తలుపు తీసేది డెలివరీ వచ్చినప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడే. రోజూ రాకపోకలు, చెప్పులు విడవడం, కాస్ట్‌కో సామాను దించడం అన్నీ గరాజ్‌లోంచే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం వాకింగ్‌కి వెళ్లేదీ ఆ దారినే, పిల్లలు సైకిళ్లు తీసేదీ అక్కడే. ఇంట్లో కదిలే వస్తువులన్నిటిలోకీ బరువైనది కూడా ఆ తలుపే. రెండు కార్లు పట్టే స్టీల్ డోర్ 150 నుంచి 250 పౌండ్ల దాకా ఉంటుంది. అద్దాలు, మందపాటి ఇన్సులేషన్ ఉంటే ఇంకా ఎక్కువ.

అయినా ఓపెనర్, అంటే ఆ తలుపుని తెరిచి మూసే మోటార్ యంత్రం, కొనడానికి వెళ్తే మనం అడిగేవి రెండే: చప్పుడు చేస్తుందా, ఫోన్‌తో పని చేస్తుందా? అడగొద్దని కాదు, కానీ వాటి వంతు చివర్లో రావాలి. మనిషి అడ్డొస్తే తలుపు ఆగుతుందా అన్నది మొదటి ప్రశ్న. స్ప్రింగ్ తెగితే ఏమవుతుంది, కరెంటు పోతే బయటపడగలమా అన్నవి ఆ తర్వాత. దొంగల సంగతి వాటి తర్వాతే. డబ్బు కూడా ఈ వరుసలోనే ఖర్చు పెట్టమంటాను.

పాత ఓపెనర్ ఉంచాలా, మార్చాలా?

1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి ఓపెనర్‌కీ, తలుపు దారిలో ఏదైనా ఉంటే కనిపెట్టే అదనపు ఏర్పాటు ఉండాలని అమెరికా ఫెడరల్ చట్టం చెప్తుంది. తలుపు కింద ఇరుక్కుని పిల్లలు చనిపోతుండటంతో 1990లో తెచ్చిన చట్టం అది. మామూలుగా ఆ ఏర్పాటు అంటే తలుపుకి రెండు పక్కలా నేలకి దగ్గరగా బిగించిన సెన్సార్ల జత. ఒకటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. పాకే పిల్లాడు కూడా ఆ కిరణానికి అడ్డు పడాలి కాబట్టి అవి నేల నుంచి 6 అంగుళాలకి మించిన ఎత్తులో ఉండకూడదు.

పాత ఇల్లు కొన్నవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. సెన్సార్లు అసలు లేకపోతే ఇక ఆలోచించేది ఏమీ లేదు, ఆ ఓపెనర్ ఎంత బాగా నడుస్తున్నా తీసేయాల్సిందే. ఉంటే మాత్రం కొత్తది కొనే ముందు రెండు పరీక్షలు చేయండి. తలుపు కిందికి వస్తుండగా చీపురు కర్రను సెన్సార్ల మధ్య అడ్డం పెట్టండి. తలుపు వెంటనే ఆగి పైకి పోవాలి. రెండోది, టూ బై ఫోర్ చెక్కని తలుపు దిగే చోట నేలమీద పడుకోబెట్టి తలుపు మూయండి. దాని మందం అంగుళంన్నర ఉంటుంది. తలుపు దానికి తగిలిన 2 సెకన్లలోపు వెనక్కి మళ్లాలి. చెక్కని నొక్కిపట్టి అక్కడే ఆగిపోతే ఆ ఓపెనర్ ఫెయిలైనట్టే. మాన్యువల్‌లో చెప్పినట్టు ఫోర్స్ (ఎంత బలంతో నొక్కాలి), ట్రావెల్ (ఎంత దూరం దిగాలి) సెట్టింగ్ సరిచేసి మళ్లీ చూడండి, అప్పటికీ మారకపోతే కొత్తది కొనండి. ఈ పరీక్షలు నెలకోసారి చేయాలి. హోమ్ లోన్ కట్టే రోజునే చేస్తే మర్చిపోరు.

సెన్సార్ ఉంది కదా, ఈ రెండో పరీక్ష ఎందుకు అని అడుగుతారు. సెన్సార్ చూసేది ఒక సన్నటి గీత మాత్రమే. ఆ గీతకి పైన ఉన్నది దానికి కనపడదు. ఎస్‌యూవీ వెనక బంపర్ గీత మీదుగా బయటికి పొడుచుకొచ్చినా, స్ట్రోలర్ చక్రాలు గీతకి చెరో పక్కన ఉన్నా దాని లెక్కలో దారి ఖాళీయే. అందుకే తగిలితే వెనక్కి మళ్లే గుణం విడిగా ఉండాలి.

చాలా ఇళ్లలో సెన్సార్లు ఉండి కూడా లేనట్టే ఉంటాయి. ఉదయమో సాయంత్రమో ఎండ నేరుగా పడి తలుపు మూసుకోకపోతే, విసుగొచ్చి గోడ బటన్‌ని నొక్కిపట్టి మూయడం అలవాటు చేసుకుంటారు. బటన్ నొక్కిపట్టి ఉంచితే తలుపు సెన్సార్ మాట వినదు. కొందరు ఇంకా ముందుకెళ్లి రెండు సెన్సార్లనీ ఎదురెదురుగా టేప్ చుట్టి పైన అటకమీద పెట్టేస్తారు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అలాంటిది కనిపిస్తే, పాత యజమాని మిగతా రిపేర్లు కూడా ఎలా చేసుంటాడో ఊహించుకోవచ్చు. ఎండ సమస్యకి తేలిక మందు ఉంది: పంపే సెన్సార్‌ని, అందుకునే సెన్సార్‌ని అటూ ఇటూ మార్చండి. అందుకునేది నీడ ఉన్న వైపుకి రావాలి. లేదంటే దాని చుట్టూ చిన్న గొట్టంలాంటి నీడ అమర్చండి.

గోడ బటన్ నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తులో, తలుపు కనపడే చోట ఉండాలి. బటన్ నొక్కి తలుపు కిందనుంచి బయటికి పరిగెత్తే ఆట పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్లే కనిపెడతారు. బటన్ ఎత్తు పెంచడానికి అయ్యే ఖర్చు నాలుగు స్క్రూలూ కొంత వైరూ.

స్ప్రింగ్: ఇక్కడ లోభం వద్దు

తలుపుని మోటార్ ఎత్తుతుందని అనుకుంటాం. బరువంతా మోసేది స్ప్రింగ్. అది సరిగ్గా ఉంటే రెండు వందల పౌండ్ల తలుపుని ఒంటి చేత్తో లేపొచ్చు. అందుకే మామూలు స్టీల్ డోర్‌కి అర హార్స్‌పవర్ మోటార్ సరిపోతుంది. ఒకటింపావు హార్స్‌పవర్ తీసుకోండని సేల్స్‌మన్ బలవంతపెడితే, ఆ తేడా డబ్బు స్ప్రింగ్ మీద పెడతానని చెప్పండి.

స్ప్రింగులు రెండు రకాలు. తలుపు పైన అడ్డంగా ఉండే ఇనుప షాఫ్ట్‌కి చుట్టుకుని ఉండేది టార్షన్ స్ప్రింగ్. ట్రాక్‌ల పైన రెండు పక్కలా పొడుగ్గా సాగి ఉండేవి ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులు. పాత ఇళ్లలోనూ, ఒక కారు పట్టే చిన్న గరాజుల్లోనూ ఇవి ఎక్కువ. తెగినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. టార్షన్ స్ప్రింగ్ తెగితే తుపాకీ పేలినంత చప్పుడొస్తుంది, ముక్కలు మాత్రం షాఫ్ట్‌మీదే ఉండిపోతాయి. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్ తెగితే విసురుగా ఎగురుతుంది. కారు అద్దాన్ని, గోడని, మనిషిని, దేన్నైనా కొడుతుంది. దాన్ని ఆపడానికి స్ప్రింగ్ మధ్యలోంచి వెళ్లే సేఫ్టీ కేబుల్ ఒకటి ఉండాలి. మీ గరాజ్‌లో ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులుండి, వాటిలోంచి కేబుల్ వెళ్లకపోతే ఈ వారమే మనిషిని పిలిపించండి. ఓపెనర్ గురించి తర్వాత ఆలోచించొచ్చు.

తలుపు పైన జాగా ఉంటే నేను టార్షన్ వైపే మొగ్గుతాను. జాగా తక్కువ ఉన్నా అందుకు తగ్గ కిట్లు దొరుకుతాయి. మార్పించడం ఇష్టం లేకపోతే కేబుల్ ఉన్న ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులతో నిశ్చింతగా ఉండొచ్చు, అది తప్పేమీ కాదు.

ఆయుష్షు విషయానికొస్తే, బిల్డర్లు మామూలుగా వేసే స్ప్రింగుకి 10,000 సార్లు తెరిచి మూసేంత ఓపిక ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తూ, పిల్లల్ని కుమాన్‌కీ, డాన్స్ క్లాసుకీ తిప్పే ఇంట్లో రోజుకి ఆరుసార్లు తలుపు లేస్తుందనుకుంటే నాలుగున్నరేళ్లలో ఆ లెక్క అయిపోతుంది. కొత్త కమ్యూనిటీలో ఒకే ఏడాది చేరినవాళ్లందరికీ కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో స్ప్రింగులు తెగడం అందుకే. మార్చేటప్పుడు 20,000 లేదా 25,000 సైకిల్స్‌ది అడగండి (ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్). పనివాడి కూలి ఎలాగూ అంతే కాబట్టి స్ప్రింగ్‌కి అదనంగా పెట్టేది వృథా పోదు. రెండు స్ప్రింగులుండి ఒకటి తెగితే రెండూ మార్పించండి. రెండోదాని వయసు కూడా అంతే కదా.

బ్యాలెన్స్ సరిగ్గా ఉందో లేదో మీరే చూడొచ్చు. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, ఓపెనర్ నుంచి వేలాడే ఎర్ర తాడు లాగి మోటార్ నుంచి విడదీయండి. చేత్తో నడుము ఎత్తుదాకా లేపి నెమ్మదిగా వదలండి. అక్కడే నిలబడితే బాగున్నట్టు. కిందికి జారినా, పైకి లాక్కుపోయినా స్ప్రింగ్ సరి చేయించాలి. తలుపు తెరిచి ఉండగా మాత్రం ఆ తాడు లాగొద్దు. స్ప్రింగ్ తెగి ఉంటే బరువంతా ఒక్కసారిగా కిందికి వచ్చేస్తుంది. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, ముఖ్యంగా ఏదైనా పాడైతే తామే బాగుచేద్దామని ఉత్సాహపడే నాన్నగార్లకి.

చెయిన్, బెల్ట్, వాల్ మౌంట్

సీలింగ్‌కి ఉండే మోటార్ తలుపుని చెయిన్‌తో లాగుతుంది, లేదా బెల్ట్‌తో. భద్రత వరకూ చెయిన్‌కీ బెల్ట్‌కీ తేడా లేదు. రెండిట్లోనూ అవే సెన్సార్లు, అవే నియమాలు. చెయిన్ చవక, గట్టిది, చప్పుడు ఎక్కువ. బెల్ట్ కాస్త ఖరీదు, నిశ్శబ్దం. గరాజ్ పైన బెడ్‌రూమ్ ఉంటే బెల్ట్ తీసుకోండి. గరాజ్ ఇంటికి దూరంగా ఉంటే చెయిన్ చాలు. స్క్రూ డ్రైవ్ అని ఇంకొకటి ఉంది కానీ ఇప్పుడు దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ.

వాల్ మౌంట్ సంగతి వేరు. అది సీలింగ్‌కి వేలాడదు. తలుపు పక్కన గోడకి ఉండి టార్షన్ షాఫ్ట్‌నే నేరుగా తిప్పుతుంది. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులున్న తలుపుకి పనికిరాదు. ధర బెల్ట్ కన్నా బాగా ఎక్కువ, రెట్టింపు కూడా కావచ్చు. దానికి తగ్గ లాభాలు రెండున్నాయి. తలుపు మూసుకోగానే ట్రాక్‌లోకి గడియలా దిగే ఆటోమేటిక్ లాక్ చాలా మోడళ్లతో వస్తుంది. రెండోది, తలుపు పై అంచులోంచి వంకీ తీగ దూర్చి ఎర్ర తాడు మీటని లాగే దొంగ ఎత్తుకి ఇక్కడ చోటు లేదు, ఎందుకంటే ఆ మీట అక్కడ ఉండదు.

ఆ ఎత్తు యూట్యూబ్‌లో చూసి భయపడి, సీలింగ్ ఓపెనర్ మీటకి జిప్ టై కట్టేస్తున్నారు కొందరు. కరెంటు లేని రాత్రి ఆ తాడు లాగాల్సిన మనిషి డెబ్బై ఏళ్ల అమ్మమ్మ అయితే ఆ టై తెంపగలదా? మీటకి ముందు చిన్న అడ్డు ప్లేటు బిగిస్తే దొంగకి తీగ అందదు, ఇంట్లోవాళ్లకి తాడు అందుతుంది. నేనైతే ప్లేటే పెడతాను.

కరెంటు పోతే

2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు పోయి, గరాజ్ తలుపు తెరవలేక ఇరుక్కుపోయినవాళ్లున్నారు. ఆ తర్వాత కాలిఫోర్నియా చట్టం చేసింది: 2019 జూలై 1 నుంచి అక్కడ అమ్మే, బిగించే కొత్త ఇంటి ఓపెనర్లకి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు అడిగి తీసుకోవాలి. అదే కంపెనీలో బ్యాటరీ ఉన్న మోడల్, లేని మోడల్ పక్కపక్కనే ఉంటే, యాప్ వదులుకునైనా బ్యాటరీ ఉన్నది తీసుకోండి. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి కరెంటు పోవడం చూసినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. బ్యాటరీ కూడా కొన్నేళ్లకి చస్తుంది, అప్పుడు ఓపెనర్ బీప్‌మని గోల పెడుతుంది. ఆ గోల ఆపడానికి బ్యాటరీ పీకేసి ఊరుకోవద్దు.

బ్యాటరీ ఉన్నా లేకపోయినా, ఎర్ర తాడు లాగి తలుపు చేత్తో ఎత్తడం ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒకసారి చేసి చూడాలి.

రిమోట్, కీప్యాడ్, యాప్

ముందు పాత రిమోట్ వెనక మూత తీసి చూడండి. లోపల వరుసగా చిన్న చిన్న స్విచ్‌లు ఉంటే అది ఎప్పటికీ మారని కోడ్ వాడే రకం. 2015లో సామీ కామ్‌కార్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు పిల్లల మెసేజింగ్ బొమ్మ ఒకటి మార్చి, అలాంటి తలుపుల్ని పది సెకన్లలోపే తెరిచి చూపించాడు. నొక్కిన ప్రతిసారీ మారే రోలింగ్ కోడ్ 1990ల నుంచీ ఉంది. మీది పాత రకం అయితే మార్చండి.

నిజానికి దొంగలకి అంత తెలివి అవసరం లేదు. డ్రైవ్‌వేలో పెట్టిన కారు అద్దం పగలగొడితే సన్‌వైజర్‌కి రిమోట్ దొరుకుతుంది. రిమోట్ కీచెయిన్‌కి ఉండేది వాడితే, లేదా గరాజ్ తెరవడానికి కారులోనే అమర్చి ఉన్న హోమ్‌లింక్ బటన్ వాడి, వైజర్ రిమోట్ ఇంట్లో పెట్టేస్తే మంచిది. హోమ్‌లింక్ కారు ఆఫ్‌లో ఉన్నా పనిచేసే రకమైతే ఆ కారుని గరాజ్ లోపలే పెట్టండి. ఇండియా ప్రయాణం పెట్టుకున్నప్పుడు గోడ ప్యానెల్ మీద లాక్ బటన్ నొక్కి వెళ్తే రిమోట్లు ఏవీ పనిచేయవు. చాలా ఇళ్లలో ఆ బటన్ ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.

పెద్దవాళ్లున్న ఇంటికి యాప్ కన్నా కీప్యాడ్ మేలు. అమ్మానాన్నల ఫోన్‌లో ఇండియా సిమ్ ఉండొచ్చు, బయట డేటా రాకపోవచ్చు, లాగిన్ మర్చిపోవచ్చు. నాలుగంకెల పిన్ మర్చిపోరు. అది ఇంటి నంబరో, పుట్టిన సంవత్సరమో కాకుండా చూసుకుని, వాళ్లు తిరిగి వెళ్లాక మార్చండి. క్లీనింగ్‌కి వచ్చేవాళ్లకి, స్నేహితులకి ఇచ్చిన పిన్‌ల సంగతీ అంతే.

యాప్ వల్ల పెద్ద ఉపయోగం ఒకటే: ఆఫీసుకి బయల్దేరి సగం దారిలో తలుపు వేశానా లేదా అన్న టెన్షన్ తీరుతుంది. ఓపెనర్‌లోనే వైఫై ఉన్నది ఒక పద్ధతి, పాత ఓపెనర్‌కి చిన్న పరికరం తగిలించడం ఇంకొక పద్ధతి. ఓపెనర్ మంచి కండిషన్‌లో ఉంటే రెండోది చవకలో అయిపోతుంది. కానీ ఊరూపేరూ లేని పరికరం వద్దు. 2023లో నెక్స్ అనే కంపెనీ పరికరాల్లో లోపాల వల్ల ఎక్కడో ఉన్నవాడు ఇంకొకరి గరాజ్ తెరవగలిగే పరిస్థితి ఉందని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ (CISA) హెచ్చరిక జారీ చేసింది. లోపాలు బయటపడితే సరిచేసే అలవాటున్న కంపెనీదే కొనండి, రెండంచెల లాగిన్ ఉంటే ఆన్ చేయండి.

ఫోన్ నుంచి మూసేటప్పుడు తలుపు కదిలే ముందు కొన్ని సెకన్లు లైటు వెలిగి ఆరుతూ బీప్ శబ్దం రావాలి. అది నియమం. ఆ చప్పుడు చిరాగ్గా ఉందని తీసేసే చిట్కాలు నెట్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఇన్ని నిమిషాలకి దానంతటదే మూసుకునే టైమర్ విషయంలో నాది కాస్త ఛాదస్తం: పసిపిల్లలుండగా పగటిపూట వద్దనే అంటాను. తలుపు తెరిచి ఉందని ఫోన్‌కి కబురు రావడం, రాత్రి పదింటికి ఒకసారి మూసుకోవడం చాలు.

తలుపు ఒక్కటే కాదు

గరాజ్ నుంచి ఇంట్లోకి వెళ్లే తలుపు అంచుకి స్ప్రింగ్ కీలు ఉండి దానంతటదే మూసుకునేలా చాలాచోట్ల బిల్డింగ్ కోడ్ అడుగుతుంది. గరాజ్‌లో అంటుకున్న మంట, కారు పొగ ఇంట్లోకి రాకుండా ఆపేది అదే. సామాను మోసేటప్పుడు అడ్డొస్తోందని దాని కీలు వదులు చేసేస్తాం, లేదా డంబెల్ అడ్డం పెడతాం. రెండూ వద్దు.

మనవాళ్ల ఇళ్లకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఇంట్లో వాసన ఉండిపోతుందని చేపల పులుసు, వేపుళ్లు గరాజ్‌లో ప్రొపేన్ బర్నర్ మీద చేస్తాం, డోర్ సగం ఎత్తి పెడతాం. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాన్ని ఒక దిమ్మె మీద ఎత్తుగా పెట్టి ఉంటారు, గమనించారా? పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలకి దగ్గరగా చేరుతుంది, అందుకని మంట నేలకి 18 అంగుళాల పైన ఉండాలని కోడ్. అదే గరాజ్‌లో మనం బర్నర్‌ని నేలమీద పెట్టి వెలిగిస్తాం. పైగా మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, సగం ఎత్తిన డోర్ దాన్ని పూర్తిగా బయటికి పంపదు. వంట డోర్ బయట, ఇంటికి దూరంగా పెట్టుకోండి. సిలిండర్ కూడా గరాజ్‌లో దాచొద్దు. కారు స్టార్ట్ చేసి గరాజ్‌లో వేడెక్కనివ్వడం, డోర్ తెరిచి ఉన్నా సరే, మానేయండి. బటన్‌తో ఆగే కార్లయితే ఆఫ్ అయిందో లేదో చూసుకుని దిగండి. బెడ్‌రూమ్‌ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే, పైన చెప్పిన అన్నిటికన్నా ముందు అది కొనండి.

డోర్ మొత్తం మారుస్తుంటే

పలకలు పలకలుగా మడిచే సెక్షనల్ డోర్‌లో వేళ్లు నలగని జాయింట్ ఉన్నది అడగండి, చిన్నపిల్లలుంటే ఇది నిజంగా ముఖ్యం. ఒకే పలకగా బయటికి తిరిగి లేచే పాతకాలం డోర్ ఇంకా ఉంటే, ముందు నిలబడ్డ మనిషిని తగిలే అవకాశం ఉంది కాబట్టి మార్చడమే మంచిది. ఫ్లోరిడాలోనూ, హ్యూస్టన్ దగ్గరి తీరంలోనూ ఉంటే గాలి ఒత్తిడి తట్టుకునే రేటింగ్ ఉన్న డోరే తీసుకోండి. 1992లో ఆండ్రూ తుఫాను వచ్చినప్పుడు మొదట గరాజ్ డోర్ విరిగి, గాలి లోపలికి దూరి పైకప్పులు లేచిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

మనిషిని పిలిచినప్పుడు, ఫోన్‌లో చాలా తక్కువ చెప్పి ఇంటికొచ్చాక డోర్ మొత్తం మార్చాలనేవాళ్లు ఉంటారు. స్ప్రింగ్ సైకిల్స్ ఎన్ని, రెండూ మారుస్తారా, కేబుళ్లు, రోలర్లు కలిపి ఎంత, వారంటీ పార్టుకా కూలికా అని మెసేజ్‌లో రాయించుకోండి. ఇద్దరి దగ్గర అడిగితే ధర తేడా తెలిసిపోతుంది. సెన్సార్ తుడవడం, రోలర్లకి, కీళ్లకి గరాజ్ డోర్ లూబ్రికెంట్ కొట్టడం, కీప్యాడ్ బిగించడం మీరు చేసుకోవచ్చు. టార్షన్ స్ప్రింగ్, తలుపు కింది మూలల్లో కేబుల్ తగిలించి ఉండే బ్రాకెట్లు మాత్రం ముట్టుకోవద్దు. చాలా డోర్లలో వాటికి ఎర్ర రంగు వేసి ఉండటానికి కారణం, ఆ స్క్రూల మీద తలుపు బరువంతా బిగిసి ఉండటమే.